గొడుగు మొనలో మా అత్త ఆముదం

కోత పండగనాడు మా చర్చిలో వేలం వేసేది నేనే. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు, మా సంఘంలో నోరున్నోడు ఇంకోడు లేక నన్ను పెట్టుకున్నారు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చినోణ్ణి. ఒళ్ళంతా ఆముదం పూసుకొని పొర్లినా అంటేదే అంటుతుందంట. చదువు నాకు అంటింది అంతే, మిగిలిందంతా జారిపోయింది. చూసినారా, ఇంకా కత మొదలుపెట్టకముందే రెండు సామెతలు అయిపోయినాయి, రెండిట్లోనూ ఆముదమే. మా కోడుమూరు పక్క వాన పడినా పడకున్నా పండేది అదొక్కటి. దాన్ని వదిలిపెట్టి మాట్లాడమంటే మాకు నోరు రాదు.

వేలం అంటే మరేం లేదు. పంట ఇంటికి చేరినాక ఒక ఆదివారం, ఎవరికి ఏం పండిందో అందులో మొదటిది తెచ్చి దేవుని ముందర పెడతారు. జొన్నల మూట, కందుల సంచి, కాళ్ళు కట్టిన కోడిపుంజు, అల్లుని మీద అలిగిన అత్త మాదిరి బిర్రుగా కూర్చునే గుమ్మడికాయ. ఆరాధన అయినాక అవన్నీ బయట షామియానా కిందికి వస్తాయి. నేను ఒక్కోదాన్ని చేతికి తీసుకొని పొగడాల. జనం నవ్వితే పాట పెరుగుతాది, పాట పెరిగితే చర్చికి సున్నం పడతాది. మా చర్చి గోడలు తెల్లగా ఉండాయంటే అందులో రోంత నా పుణ్యం కూడా ఉండాది.

ఆ వేలంలో ఎప్పుడూ ఆఖరున వచ్చేది మా అత్త ఆముదం సీసా.

మా అత్తంటే మా నాయనకు చెల్లెలు. ఆమె కూతురినే నేను చేసుకున్నా. పుట్టుకతో ఒకసారి, పెండ్లితో ఒకసారి, రెండు విధాలా ఆమె నాకు అత్తే. అందుకని ఆమెకు నన్ను తప్పించుకునే దారి లేదు. మా మామ పోయినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటుంది. నేను బండలు పరిచే పని మీద కడప, వేంపల్లె అని నెలల తరబడి తిరుగుతాంటా. నేను లేనప్పుడు ఇంట్లో మగదిక్కు ఆమే. నేను ఉన్నప్పుడు కూడా ఆమే.

బుడ్డల చేనికి, అదే వేరుశెనగ చేనికి, చుట్టూ గట్ల మీద ఆముదం చెట్లు పెడతాం. పురుగు వచ్చిందంటే ముందు ఆ పెద్ద ఆకుల మీదికి పోతాది, బుడ్డల మొక్కలు బతుకుతాయి. పురుగులు తిని మిగిల్చినాక కాసిన కాయలు మా అత్తవి. ఎండబెట్టి, కొట్టి, గింజలు వేయించి, రోట్లో దంచి, పెద్ద బానలో నీళ్ళు పోసి ఉడకబెడతాది. ఆ పొద్దు మా వీధిలో ఎవరూ అన్నం సరిగ్గా తినరు, వాసన అట్లుంటాది. పైకి తేలిన నూనెను గంటెతో తీసి, మళ్ళా కాచి, చల్లారినాక సీసాలకు పోస్తాది. అందులో మొదటి సీసా దేవునిది. ఆ సీసా మా మామ బతికినప్పుడు ఖాళీ చేసిన సారాయి సీసా. మూతకు బిరడా లేదు, జొన్న బెండు చెక్కి పెడతాది. దాన్ని తెచ్చి పెట్టగానే మా పాస్టరు అయ్యగారు గట్టిగా కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తాడు. సీసాను చూడకుండా ఉండేదానికే మూసుకుంటాడని నా అనుమానం.

కానీ పాట మాత్రం దానికే ఎక్కువ. కాన్పయిన పిల్లలు, మోకాళ్ళ నొప్పుల ముసలోళ్ళు, జుట్టు రాలిపోతాందని ఏడ్చే ఆడపిల్లలు, అందరికీ ఆ సీసానే కావాల. మా అత్త ఆడోళ్ళ వరసలో కూర్చొని, ఏమీ పట్టనట్టు మొగం పెట్టి, చెవులు మాత్రం ఇటే పెట్టుకొని ఉంటాది.

ఇదంతా పోయినేటి వరకు. ఈ ఏడు కాయలు కొట్టేటప్పుడు వచ్చింది తంటా.

కడప నుంచి పండగకని వచ్చినా నేను. మా వాకిట్లో మా అత్త, మా ఆమె, ఎదురింటి కోడలు కూర్చొని ఎండిన ఆముదం కాయలు కొడతాండారు. ఎదురింటి కోడలికి చంకలో చంటిబిడ్డ. తన ఫోను బండ మీద పెట్టుకుంది, సంఘం గ్రూపులో ఎవరో పంపిన వీడియో మోగుతాండాది. ఒకాయన గొంతు, ఊరికే భయపెట్టే గొంతు. మీ పెరట్లోనే ఉంది ప్రాణాలు తీసే గింజ, అని మొదలుపెట్టినాడు. తెరమీద చూస్తే మా ఆముదం చెట్టే. గెలతో సహా.

ఆయన చెప్పింది ఇది. ఎప్పుడో పరదేశంలో ఒకాయన, రాతలు రాసి ఎవరికో కంటగింపైనాయన, బస్సు కోసం నిలబడి ఉండాడంట. ఎవడో పక్కన పోతా పోతా గొడుగు మొనతో తొడలో గుచ్చినాడంట. పొరపాటునేమో అనుకున్నాడంట పాపం. ఆవగింజ కన్నా చిన్న గుండు, దాంట్లో ఆముదం గింజలోని విషం. కొన్ని దినాలకే ఆయన పోయినాడు. గుచ్చినోడు గూఢచారి. ఆ తరువాత కూడా పెద్ద పెద్ద నాయకులకు ఎవరెవరో ఆ విషం పొడిని కవర్లో పెట్టి పంపించినారంట. ఉప్పుగల్లంత ఉంటే చాలంట మనిషికి.

నేను ఊరుకుంటానా. "అత్తా, ఇన్నేండ్లు నిన్ను మామూలు మనిషనుకుంటి. గూఢచారివని ఒక్క మాటన్నా చెప్పకపోతివే? అందుకేనా మామ గొడుగును ఇంకా దాచిపెట్టుకుండావు?"

ఎదురింటి కోడలు పగలబడి నవ్వింది. మా ఆమె, "బావా, నీ నోటికి తాళం వేయాల," అనింది నవ్వుకుంటానే.

మా అత్త కట్టె మాత్రం కాయల మీద ఆగిపోయింది.

మీకు తెలీదు. నేనొకటంటే ఆమె రెండంటాది. నాకు ఈ నోరు ఎవరి నుంచి వచ్చిందనుకున్నారు? మా నాయన పెదవి కదిపేటోడు కాదు. "నీ నోట్లో మన్ను వడ, గొడుగు నీకే గుచ్చుతా రా," అని రావాల ఆ పక్క నుంచి. రాలేదు. చేతిలోని కట్టె పక్కన పెట్టి, కొంగు దులుపుకొని లేచి లోపలికి పోయింది.

తరువాత చెప్పింది, "ఈ ఏడు చర్చికి గుమ్మడికాయ ఇస్తా."

"ఆముదం?"

"మోకాళ్ళు నొస్తాండాయి. ఎవరు వండుతారు."

అబద్ధం. వండేసింది అప్పటికే. మొదటి కోత గింజలతో చేసిన నూనె గూట్లో సీసాకు పోసి, బెండు మూత పెట్టి, నా కండ్ల ముందరే ఉండాది.

జనం ఏమన్నా అంటారని భయపడిందేమో అనుకున్నా. అనేవాళ్ళు అన్నారు కూడా. గ్రూపులో ఒకడు మా అత్త పేరు పెట్టి గొడుగు బొమ్మ పంపినాడు. కానీ మా అత్త జనానికి భయపడే రకం కాదు. ఒకసారి బోరు దగ్గర వంతు విషయంలో సర్పంచినే నిలబెట్టి కడిగిన మనిషి.

ఇంకో సంగతి. ఆముదం పిండి, అంటే నూనె తీసినాక మిగిలే మడ్డి, అది మేకలు తింటే పొట్ట ఉబ్బి చస్తాయని మా పక్క పసిపిల్లోళ్ళకు కూడా తెలుసు. అందుకే దాన్ని దూరంగా దిబ్బలో గుంత తీసి పూడుస్తారు. విషం మాట మాకు కొత్త కాదు. మరి ఈమెకు ఏమైనట్టు?

ఎలుకలు చెప్పినాయి నాకు.

కందుల మూట దించాలని అటకెక్కినా. ఎక్కితే ఏముంది, జొన్నపిండి ఉండలు. చిన్న చిన్నవి, వరసగా పెట్టి ఉండాయి, జిడ్డు కారుతాండాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం. సగం ఉండలు కొరికి ఉండాయి. అటకంతా ఎలుకలు చేసిన ఘనకార్యం, చెప్పుకుంటే సిగ్గు. పాపం వాటికి కూడా కడుపులు కడిగేసినట్టు అయినాయి. కందుల మూట మీద కూడా వదల్లేదు.

ముక్కు మూసుకొని కిందికి దిగి అడిగినా. "ఏమత్తా, ఎలుకలకు విరేచనాల మందు పెట్టినావా? కాన్పయినాయా ఏమి?"

అప్పుడన్నా నవ్వుతాదేమో అని చూసినా. ఆమె నా మొగం కూడా చూడలేదు. "చచ్చినవి ఏమన్నా కనపడినాయా?" అని అడిగింది.

"ఒక్కటి కూడా లేదు. బాగా తిని, బాగా పోయి, దేవుణ్ణి స్తుతిస్తాండాయి."

"ఎలుకలు ఈడ తిని యాడో పోయి చస్తాయి," అనింది. గోడ వైపు తిరిగి, "పెద్ద మనిషికి ఉప్పుగల్లంత చాలంట కదప్పా. పసిబిడ్డకు ఎంత చాలు?" అనింది.

నన్ను ఎప్పుడూ అప్పా అనదు మా అత్త. ఒరేయ్ అంటాది, ముండమోపి అంటాది, ఎక్కువ ప్రేమొస్తే గాడిద అంటాది. ఆ మాట వింటానే నాకు అర్థమైంది.

మా ఆమె కన్నా ముందు మా అత్తకు ఒక మగబిడ్డ. నాకు బావ కావాల్సినోడు. పుట్టిన పది దినాలకు లోపలే పోయినాడని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. అంతకు మించి ఎవరూ మాట్లాడరు. ఆ పొద్దు మా అత్త మాట్లాడింది. వాకిట్లో కూర్చొని, చేతిలో పొరక పుల్లను తుంచుకుంటా చెప్పింది. ఆ కాలంలో పుట్టిన బిడ్డ నాలిక మీద ఆముదం చుక్క పెట్టేది మామూలు. వాళ్ళమ్మ చెప్తే పెట్టింది. తన చేత్తో దంచి, తన చేత్తో వండిన మొదటి ఆముదం. ఆ మర్నాడు బిడ్డ రొమ్ము పట్టలేదు. దవడ బిగుసుకుపోయింది. ఒళ్ళు విల్లు మాదిరి వంగిపోయింది.

"అన్నేండ్లు దేవుడు తీసుకున్నాడు అనుకుంటి," అనింది. "నేను ఇచ్చిన చుక్కే తీసుకుందేమో. నాకేం తెలుసు? ఫోనాయన చెప్పేవరకు నాకేం తెలుసు?"

ఆమె తుంచి పడేసిన పుల్లలు ఒక్కోటి ఏరి పక్కన పెట్టినా.

మర్నాడు పొద్దున్నే మండలం ఆసుపత్రిలో నర్సమ్మ దగ్గరికి పోయినా. ఆమె ఇంట్లో బండలు పరిచింది నేనే, ఆ చనువు. "ఏమప్పా, కడుపు నొప్పా?" అనింది. లేదమ్మా, గూఢచారి పని మీద వచ్చినా అన్నా. తిట్టింది. తిట్టినాక కూర్చోబెట్టి చెప్పింది.

విషం గింజలో ఉండే మాట నిజమే. కానీ అది నూనెలోకి రాదు, పిండిలోనే మిగులుతాది. మీరు ఉడకబెడతారు కాబట్టి ఆ వేడికి దాని పవరు కూడా పోతాది. అయినా పిండి మేకలకు అందనియ్యొద్దు, పచ్చి గింజలు పిల్లోళ్ళ నోట్లోకి పోనియ్యొద్దు. నూనె తలకు పెట్టుకోండి, ఒంటికి రుద్దుకోండి, పసిబిడ్డల నోట్లో మాత్రం పోయొద్దు, అది మంచి అలవాటు కాదు. ఇంత చెప్పినాక నేను బిడ్డ సంగతి చెప్పినా. ఆమె రాస్తా రాస్తా పెన్ను ఆపింది.

"దవడ బిగుసుకుందా? విల్లు మాదిరి వంగిందా?"

"అవునమ్మా."

"బొడ్డు దేంతో కోసినారు?"

నాకేం తెలుసు. కానీ మా జేజి, అంటే మా అత్తకు అమ్మ, అన్ని పనులకూ వాడింది ఒకే కొడవలి. జొన్న కోతకూ అదే, కూరగాయలకూ అదే.

"ధనుర్వాతం," అనింది నర్సమ్మ. "ఆ కాలంలో శానామంది బిడ్డలు అట్లే పోయినారు. ఇప్పుడు తల్లులకు ముందే సూది వేస్తాం. మీ అత్తకు చెప్పు, ఆముదం ఆ పని చేయదు. ఆమెను ఒకసారి పిల్చుకొని రా, నేనే చెప్తా."

ఎగురుకుంటా ఇంటికి వచ్చినా. మా అత్త జొన్నలు చెరుగుతాండాది. ఎదురుగా కూర్చొని, నర్సమ్మ చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట కలపకుండా చెప్పినా. నా బతుకులో అంత సత్యం ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు.

అంతా వినింది. చేట దించింది. "మంచోనివి రా," అనింది. "నా కడుపు చల్లబడాలని బాగా అల్లినావు."

"అల్లలేదత్తా! దేవుని తోడు."

"పోయినేడు గుమ్మడికాయలో అయ్యగారి మొగం కనపడతాందని కూడా దేవుని తోడే అంటివి."

అన్నా. ఆ గుమ్మడికాయ మంచి పాటకు పోయింది కూడా. పుట్టినప్పటి నుంచి నవ్వించినోని మాట, నవ్వించకుండా చెప్పినప్పుడు ఎవరూ తీసుకోరు. నర్సమ్మ దగ్గరికి పోదాం రా అంటే రానంది. "పోయి ఏమని అడగాల? నా బిడ్డను నేనే చంపుకున్నానా తల్లీ అని అడగాలనా? ఆ మాట నా నోటితో నేను అనలేను." మళ్ళా చేట ఎత్తుకుంది.

ఎలుకలు యాడో పోయి చస్తాయి అనే మాట నా చెవిలో తిరుగుతానే ఉండింది. మాటలతో పని కాదు. కనపడేటట్టు బతకాల ఎవరో ఒకరు.

కోత పండగనాటి పొద్దున. మా అత్త తెల్లచీర కట్టుకొని, గుమ్మడికాయకు పసుపు పూస్తాండాది. నేను స్నానం చేసి, పండగ చొక్కా వేసుకొని, ఏమీ తినకుండా వంటింట్లోకి పోయినా. గూట్లో నుంచి సీసా తీసినా. బెండు మూత పీకి, స్టీలు లోటాలో పోసినా. ఆ చప్పుడుకు ఆమె తిరిగింది.

"ఒరేయ్. ఏందిరా అది?"

"నీ ఆముదం. ఎలుక యాడో పోయి చచ్చిందంటివి కదా. నేను యాడికీ పోను. పొద్దంతా నీ కండ్ల ముందరే ఉంటా. చూసుకో."

"వద్దురా! నా తండ్రీ, వద్దు, నీకు ఇద్దరు పిల్లోళ్ళు రా..." గుమ్మడికాయ వదిలిపెట్టి పరిగెత్తుకొచ్చింది. అది దొర్లి పొయ్యి దగ్గర ఆగింది. ఆమె చెయ్యి నా చెయ్యి మీద పడేలోపల గుటగుట తాగేసినా.

ఆముదం తాగిన మొగం అని పెద్దోళ్ళు ఊరికే అనలేదు. గొంతులో జిడ్డు దిగుతాంటే నాకు ఏడో తరగతి లెక్కల వాచకం కనపడింది. మా అత్త నా రెండు చెంపలూ పట్టుకొని నా కండ్లలోకి చూసింది, ఏదో తేలుకుట్టినోణ్ణి చూసినట్టు. మా ఆమె వాకిట్లో నుంచి వచ్చి, లోటా వాసన చూసి, "బావా, నీకు పిచ్చి పట్టిందా? ఈ పొద్దు వేలం ఎవరు వేస్తారు?" అనింది. ప్రాణం సంగతి కాదు, వేలం సంగతి. భార్యలు అట్ల.

చర్చిలో ఆడోళ్ళు ఒక పక్క, మగోళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చుంటాం. అయ్యగారు విత్తువాని గురించి చెప్తాండాడు. రాతినేల మీద పడిన విత్తనం, ముండ్లలో పడిన విత్తనం. ఆయనకు ఆ పొద్దు మంచి ఊపొచ్చింది. మా అత్త మాత్రం ఆయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మెడ తిప్పి నన్నే చూస్తాండాది. నేను దగ్గితే ఆమె పెదవులు కదులుతాండాయి. ఇన్నేండ్ల ఆరాధనలో నా కోసం ఇంత ప్రార్థన ఎవరూ చేసి ఉండరు. మంచి నేలలో పడిన విత్తనం దగ్గరికి వచ్చేసరికి నా కడుపులో మొదటి ఉరుము ఉరిమింది.

ఆశీర్వాదం అయింది. షామియానా కిందికి వచ్చినాం. కోడిపుంజును ఎత్తుకున్నా. "చూడండప్పా ఈ పెండ్లికొడుకును, కట్నం వద్దంటాండాడు..." ఒకటోసారి అన్నా, రెండోసారి అన్నా, మూడోసారి అనేలోపల పుంజును పక్కనోని చేతిలో పెట్టి చర్చి వెనక సర్కారు కంపచెట్లలోకి ఉరికినా.

జనం ఇదేదో కొత్త జోకనుకొని చప్పట్లు కొట్టినారు.

తిరిగొచ్చి పుంజును అమ్మినా, కందులు సగం పొగిడినా, మళ్ళా ఉరికినా. ఈసారి చప్పట్లు లేవు, ఒకటే నవ్వులు. వచ్చి చేతులు కడుక్కుంటాంటే ఒక పెద్దాయన అడిగినాడు, "ఏమప్పా, పండగ పూటే ఏం తింటివి?"

నేను నోరు తెరిచేలోపల ఆడోళ్ళ వరసలో నుంచి మా అత్త గొంతు వచ్చింది. "ఆముదం తాగినాడు. నేను వండిన ఆముదం. లోటాడు."

నవ్వు ఆగిపోయింది. వీడియో అందరూ చూసినారు కదా. గొడుగు బొమ్మ పంపినోడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. అందరూ నన్ను పైకీ కిందికీ చూస్తాండారు, ఎప్పుడు పడిపోతానా అని. నాకు వాళ్ళకు జవాబు చెప్పే తీరిక లేదు. మూడోసారి పిలుపొచ్చింది. కందుల సంచి అట్లే వదిలేసి పోయినా.

ఆ మూడోది పెద్దది. కంపచెట్ల మధ్యన కూర్చొని ఉండా, ముండ్లు చొక్కాకు పట్టుకున్నాయి, లేచే మార్గం లేదు. కొమ్మల సందులో నుంచి షామియానా కనపడతాండాది. అప్పుడు చూసినా. మా అత్త లేచింది. ఇల్లు చర్చి పక్క సందులోనే. గబగబా పోయింది, గబగబా వచ్చింది, మోకాళ్ళ నొప్పులన్నీ యాడ పోయినాయో. చేతిలో సారాయి సీసా, నేను తాగంగా మిగిలిన ఆముదంతో. తెచ్చి బల్ల మీద ఠప్పుమని పెట్టింది. అయ్యగారు అలవాటు కొద్దీ కండ్లు మూసుకున్నాడు.

"మా అల్లుడు కంపలో ఉండాడు," అనింది. గొంతు గట్టిగానే ఉండాది. "వేలం నేనేస్తా. చూడండమ్మా, చూడండప్పా. దీన్ని లోటాడు తాగినోడు సావలేదు, ఉరుకుతాండాడు. వాని పెండ్లినాడు కూడా అంత చురుగ్గా నడవలేదు వాడు. విషమైతే ఒకసారే పోతాడు. వాడు మూడోసారి పోతాండాడు!"

నా బతుకంతా వేలం వేసినా గానీ ఆ నవ్వు నేనెప్పుడూ తెప్పించలేదు. కంపలో కూర్చొని నేను కూడా నవ్వినా. నవ్వేదానికి అది మంచి సమయం కాదని వెంటనే తెలిసింది.

పాట మొదలైంది. మోకాళ్ళ పెద్దాయన ఒకటన్నాడు. జుట్టు రాలే పిల్ల తల్లి ఇంకొకటనింది. నాకు ఊరుకోబుద్ధి కాక కంపలో నుంచే ఒక పాట కేకేసినా.

"కంప చాటు పాట చెల్లదు!" అనింది మా అత్త ఇటు తిరక్కుండానే. "బయటికొచ్చి నిలబడి పాడేటోడు పాడాల."

నేను బయటికొచ్చే పరిస్థితిలో లేనని ఆమెకు తెలుసు.

చివరికి సీసా ఎదురింటి కోడలికి పోయింది. అవును, ఆ ఫోను పిల్లకే. చంకలో బిడ్డతోనే ముందుకు వచ్చింది. సీసా తీసుకొని ఊరికే పోలేదు. జొన్న బెండు మూత తీసి, బిడ్డ తల మా అత్త ముందరికి వంచింది. "మొదటి చుక్క నువ్వే పెట్టు అవ్వా. మాడుకు."

మా అత్త చెయ్యి కదల్లేదు. అక్కడుండేవాళ్ళకు అది ఏమీ అనిపించి ఉండదు. ముసలామె, అలసిపోయింది అనుకొని ఉంటారు. ఆమె ఒకసారి కంప వైపు తిరిగింది.

"ఒరేయ్ అల్లుడా! బతికే ఉండావా?"

"ఉండానత్తా!"

అప్పుడు అరచేతిలో రోంత పోసుకుంది. వేలు ముంచి, ఆ పసితల మధ్యన, ఎముక ఇంకా పూడని ఆ మెత్తటి చోట పెట్టింది. అద్దింది. అందరూ పెట్టినట్టు పెట్టి చెయ్యి తీసేయలేదు. అరచెయ్యి ఆ తల మీద అట్లే పెట్టుకొని నిలబడిపోయింది. బిడ్డ కూడా ఏడవలేదు, నూనె చల్లగా ఉన్నట్టుంది. ముండ్ల సందులో నుంచి నాకు ఆమె మొగం సరిగ్గా కనపడలేదు. చెయ్యి మాత్రం కనపడింది.

అయ్యగారు ఇంకేం వేలానికి ఉండాయని అడిగినట్టున్నాడు. మా అత్త కందుల సంచి దగ్గరికి జరిగింది. జరుగుతా మళ్ళా ఒక కేక వేసింది.

"అల్లుడా!"

"ఉండా, ఉండా!"

"మళ్ళా అడుగుతా. అడిగినప్పుడల్లా చెప్తాండు."